విప్పుట, బిగించుట, వినుట

ఇంటనున్న వస్తువును విప్పి చూచు బాలునకు సాధారణముగా లభించు బహుమానము చీవాట్లు. గడియారమును విప్పినను, రేడియోను విప్పినను, "ఉన్నదానిని పాడుచేయుచున్నాడు" అని పెద్దలు కేకలు వేయుదురు. ఆ కేకలలో కొంత న్యాయము లేకపోలేదు. విప్పిన వారందరును మరల బిగింపజాలరు. కాని విప్పుటయే తప్పని మాత్రము మేమొప్పుకొనజాలము. ఏ యుద్దేశముతో విప్పినాడు, ఏ క్రమముతో విప్పినాడు, వచ్చిన ఫలితమును దేనితో కొలిచినాడు అను మూడు ప్రశ్నలను బట్టియే ఆ పని మంచిచెడ్డలను నిర్ణయింపవలయునని మా యభిప్రాయము. ఈ యభిప్రాయమును మేము పుస్తకములవలన గాక, రాయవరమున మా యింటనున్న యొక పాత రికార్డు యంత్రమువలన, అదియు ఒక నష్టము పొందిన పిమ్మట, నేర్చుకొంటిమి. ఆ సంగతి విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని తలచి యిచట వ్రాయుచున్నాము.

ముందుగా ఆ యంత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలయును. రికార్డు మీది గాడిలో సూది నడచునప్పుడు, ఆ గాడియందలి సన్నని వంకరలే సూదిని కదలించి శబ్దములగుచున్నవి. రికార్డు తయారైన నాడు ఎంత వేగముతో తిరిగినదో, వినునాడును అంతే వేగముతో తిరుగవలయును. వేగము నూటికి ఆరు పాళ్లు హెచ్చినచో శ్రుతి హార్మోనియముపై ఒక మెట్టు పైకి పోవును. ఎల్.పీ. రికార్డు నిమిషమునకు 33 1/3 మారులు తిరుగవలయును. పూర్వపు యంత్రములు పెక్కింటిలో మోటారు నిమిషమునకు సుమారు 1500 మారులు తిరిగెడిది. ఆ వేగమును రబ్బరు చక్రముతో 45వ వంతునకు తగ్గించి పళ్లెమును త్రిప్పెడివారు. కొన్నింటిలో చక్రమునకు బదులు రబ్బరు పట్టీ యుండెడిది. చక్రము గట్టిపడినను పట్టీ సాగినను పాట యూగులాడును. మోటారు అదురు సూదిదాక ప్రాకి, పాట వెనుక గుర్రుమను ధ్వనిగా వినబడును.

జపాను దేశమున మత్సుషితా సంస్థలో షుయిచి ఒబాటా అను ఇంజనీరును, ఆయన సహచరులును ఈ చిక్కునకు వేరొక మార్గము కనిపెట్టిరి. మోటారునే నెమ్మదిగా, కావలసిన వేగముననే త్రిప్పి, దాని యిరుసునే పళ్లెమునకు ఇరుసుగా చేసిరి. నడుమ చక్రము లేదు, పట్టీ లేదు. ఇట్లు పుట్టిన టెక్నిక్స్ ఎస్‌పీ-10 అను యంత్రము 1970లో వెలువడెను. గృహములకు తగిన ఎస్‌ఎల్-1200 1972లో వచ్చెను. 1979లో వచ్చిన దాని రెండవ రూపమునందు క్వార్ట్జు స్ఫటికపు కంపనములతో వేగమును సరిపోల్చుకొని, తప్పినప్పుడెల్ల తానే దిద్దుకొను ఏర్పాటు కలదు. వేగమును నూటికి ఎనిమిది పాళ్ల వరకు హెచ్చించుటకును తగ్గించుటకును జరుపుడు మీట యొకటి అమర్చిరి. ఇట్టి యంత్రములకు డైరెక్ట్ డ్రైవ్ యంత్రములని పేరు. 2010లో ఎస్‌ఎల్-1200 తయారీని నిలిపివేసిరి; కోరువారు తగ్గకపోవుటచే 2016లో మరల ప్రారంభించిరి. పాత యంత్రములను సంపాదించి, వానికి క్రొత్త తీగలు, క్రొత్త చేతులు, బరువైన పళ్లెములు, వేరుగా నుంచెడి విద్యుత్సరఫరా పెట్టెలు కూర్చి మెరుగుపరచుట నేడు దేశదేశముల యందును ఒక వినోద వ్యాసంగమైనది.

మా యంత్రమును మా మేనమామగారు గల్ఫు దేశమునుండి వచ్చునప్పుడు తెచ్చిరి. పేరుతో పనిలేదు, అదియు డైరెక్ట్ డ్రైవ్ యంత్రమే. చాలకాలము అటకమీద మూలబడియున్న దానిని క్రిందికి దింపి, తుడిచి, త్రిప్పి చూచితిమి. తిరిగెను. అంతటితో మాకు ఉత్సాహము పెచ్చుపెరిగెను. పళ్లెముపై పరచు రబ్బరు చాపకు బదులు బెండు చాప తెప్పించితిమి. వెల హెచ్చుగల తీగలు తెప్పించితిమి. అదురు తగులకుండ మెత్తని కాళ్లు బిగించితిమి. ఒక్కొక్కటి చేర్చినప్పుడెల్ల "ఆహా, ఎంత తేటపడినది!" అని మాకు మేమే చెప్పుకొంటిమి. ఇట్లు మూడు మాసములపాటు మా తండ్రిగారు పూర్వము కొనిన నాటక పద్యముల రికార్డు నొకదానిని పరీక్షకై పదేపదే వేసితిమి. మాకు మిక్కిలి యిష్టమైనది అదియే గనుక దానినే యెంచుకొంటిమి.

ఒకనాటి సాయంకాలము మా తల్లిగారు వంటయింటినుండి వచ్చి, కొంతసేపు నిలుచుండి విని, "ఆయన గొంతు ఇట్లు గీరుకొని పోయెడిది కాదు నాయనా" అనిరి. మేము నవ్వి, పాత రికార్డులట్లే యుండునని సమాధానము చెప్పితిమి. ఆమె మాట మనస్సులో ముల్లువలె నిలిచియుండుటచే, మరునాడు బడిలోని భూతద్దమును తెచ్చి సూదిని పరిశీలించితిమి. సూదిమొన యొక ప్రక్క అరిగి, ఉలివలె పదునెక్కియున్నది. మా మేనమామగారి కాలమునుండి దానిని ఎవ్వరును మార్చినవారు కారు. మేమును చాపను మార్చితిమి, తీగలు మార్చితిమి, కాళ్లు మార్చితిమి. రికార్డును తాకు ఒకే యొక్క వస్తువును మాత్రము చూడనైనను లేదు. ఆ మూడు మాసములును మా తండ్రిగారి రికార్డును మేము చెవులార వినుచు చేతులార చెక్కితిమి. గాడి గోడలనుండి ఒకసారి గీకిపోయిన స్వరమును మరల తెచ్చు విద్య లేదు. క్రొత్త సూది వేసిన తరువాత తక్కిన రికార్డులు తేటగానే పలికెను. ఆ యొక్కటి మాత్రము నేటికిని రాగము పైస్థాయి కెక్కినప్పుడెల్ల గీరుకొనుచునే యున్నది.

ఈ యనుభవమువలన మేము గ్రహించినది యేమన, మెరుగుపరచుటకు పూర్వము సరిచేయుట యున్నది. ఉన్న యంత్రము తన శక్తికొలది పనిచేయుచున్నదా లేదా యని తెలిసికొనక క్రొత్త వస్తువులు తగిలించుట, కన్ను మసకలైనవాడు అద్దములు మాని గోడకు సున్నము వేయించుకొనుట వంటిది. సరిచేయు పనికి వ్యయము స్వల్పము, కావలసినది ఓర్పు. విద్యార్థులు స్వయముగా చేయదగినవాని నిచట క్రమముగా చెప్పుచున్నాము.

మొదటిది, యంత్రము సమతలముగా నుండవలయును. తాపీపనివారి రసమట్టము ఇందుకు చాలును. రెండవది, సూది. వజ్రపు మొనయైనను కొన్ని వందల గంటలు నడచిన పిదప అరుగును. అనుమానము కలిగినచో మార్చుటయే మేలు. మూడవది, సూది బరువు. ఎల్.పీ. రికార్డులకు వాడు సూదులు పెక్కింటికి ఒకటిన్నర మొదలు రెండున్నర గ్రాముల బరువు తగును. సూదితో వచ్చు కాగితముపై వ్రాసియున్న అంకెయే ప్రమాణము. బరువు తగ్గించినచో రికార్డునకు క్షేమమని కొందరి భ్రమ. తక్కువైనచో సూది గాడిలో నిలువక యెగిరి గోడలను కొట్టును, అదియు హానియే. కంసాలివారు వాడునట్టి చిన్న త్రాసుతో తూచి చూచుకొనవచ్చును.

నాలుగవది, సూది నిలుచు కోణము. రికార్డును తయారుచేయునప్పుడు గాడిని కోయు ఉలి అంచునుండి నడిమికి తిన్నని గీతవెంట నడచును. మన యంత్రముల చేయి ఒక చివర కట్టుబడి యుండుటచే చాపముగా తిరుగును. కావున సూది గాడికి సరిగా తిన్ననగునది రెండే రెండు తావుల యందు. ఎరిక్ లోఫ్‌గ్రెన్ అను నాయన 1938లోను, బేర్‌వాల్డు అను నాయన 1941లోను ఈ రేఖాగణితమును విచారించి, దోషము కనిష్ఠమగు పద్ధతిని వివరించిరి. సామాన్యముగా అనుసరింపబడు లెక్క ప్రకారము ఆ రెండు తావులును రికార్డు కేంద్రమునుండి 66.0 మిల్లీమీటర్లు, 120.9 మిల్లీమీటర్ల దూరమున నుండును. గట్టి కాగితముపై ఆ రెండు బిందువులను గుర్తించి, వాని వద్ద సూదిపెట్టె తిన్నగా నిలుచునట్లు బిగించుకొనవలయును. చాపము, వ్యాసార్ధము, స్పర్శరేఖ యనునవి పరీక్షకొరకు మాత్రమే యేర్పడినవని తలచు విద్యార్థులు దీనిని ఒకసారి చేసి చూతురు గాక.

ఐదవది, వేగము. దీనిని కొలుచు సాధనమును మీ పెట్టెలోని కోణమానినితో మీరే చేసికొనవచ్చును. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకండునకు 50 ఆవృత్తులు కలది. కనుక దానిపై వెలుగు నియాన్ దీపము సెకండునకు 100 మారులు మిణుకుమనును. 33 1/3 వేగమున పళ్లెము సెకండునకు 200 డిగ్రీలు తిరుగును. అనగా ఒక మిణుకునుండి మరియొక మిణుకు నాటికి సరిగా 2 డిగ్రీలు. కావున గుండ్రని కాగితముపై రెండేసి డిగ్రీల కొకటి చొప్పున 180 గీతలు గీసి, పళ్లెముపై నుంచి, ఆ దీపకాంతిలో చూచినచో, వేగము సరియైనప్పుడు గీతలు కదలక నిలిచినట్లు కనబడును. వేగము హెచ్చైనచో ముందునకును, తగ్గినచో వెనుకకును ప్రాకును. 45 వేగమునకు 133 గీతలును, 78 వేగమునకు 77 గీతలును గీయవలయును. ఈ రెండింటను లెక్క పూర్ణాంకము కాదు గనుక స్వల్పభేద ముండును. నేటి ఎల్.ఇ.డి. దీపములు పెక్కు ఇట్లు మిణుకుమనవు గనుక పనికిరావు.

ఇచట నొక విశేషము కలదు. మా యంత్రముపై ఈ కాగితము నుంచినప్పుడు గీతలు ఒకసారి నిలిచియు, ఒకసారి మెల్లగా ప్రాకియు కనబడెను. యంత్రము చెడినదని దానిని విప్పబోతిమి. పిమ్మట ఆలోచింపగా, స్ఫటికముచే నడచు యంత్రముకంటె వీధి తీగలలోని విద్యుత్తే ఎక్కువగా మారుచుండునని స్ఫురించెను. దోషము కొలతబద్దయందే యున్నది! ఏదైనను తేడా కనబడినప్పుడు, తప్పు వస్తువునందున్నదా, కొలిచెడి సాధనమునందున్నదా, కొలిచెడి మనయందున్నదా యని విచారింపవలయును. విజ్ఞాన శాస్త్రమున కిది మొదటి మెట్టు. ఇట్టి పాఠమును నల్లబల్లపై వ్రాసి చెప్పిన దానికంటె, తిరుగుచున్న పళ్లెముపై చూచినది బాలుని మనస్సున చిరకాలము నిలుచును.

ఇవన్నియు సరియైన పిదపనే పెట్టెను విప్పవలయును. పాత యంత్రములలో విద్యుత్సంగ్రాహకములగు కెపాసిటర్లు ఎండిపోవును. జరుపుడు మీటలలో దుమ్ముపట్టును. కోనసీమ తేమగాలికి కలయికలు చిలుమెక్కును. చిలుము తుడుచుట, ఎండినవానిని మార్చుట, తయారుచేసినవారు చెప్పినచోట ఇరుసున కొక రెండు చుక్కల నూనె వేయుట సార్థకమైన పనులు. కాని ప్లగ్గు ఊడదీసిన తరువాత కూడ కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. కావున తెలిసిన పెద్దలు ప్రక్కన లేనిదే విద్యార్థులు మూత తీయరాదు. ఈ విషయమున తలిదండ్రుల కేకలు ముమ్మాటికిని న్యాయములే.

ఆపైన మెరుగుదలలు. వీనికి మేము మూడు నియమముల నేర్పరచుకొంటిమి. ఒకసారి ఒకదానినే మార్చవలయును. తీసిన పాతదానిని పారవేయక దాచవలయును. మార్పువలన మేలు కలిగినదని నమ్ముటకు ముందు, మార్పు సంగతి తెలియనివారిచే వినిపించుకొనవలయును. మేము ఒక శనివారమునాడు నలుగురు విద్యార్థులను గోడవైపు తిరిగి కూర్చుండబెట్టి, ఒకే పాటను పాత తీగలతోను, వెలగల తీగలతోను మార్చి మార్చి వినిపించితిమి. ఏది యేదియో ఒక్కరును గుర్తింపలేకపోయిరి. మేమే గోడవైపు తిరిగి కూర్చుండినప్పుడును ఫలితమట్లే యుండెను. మూడు మాసములు మేము విన్న తేటదనము తీగలయందు గాక, మేము చెల్లించిన రూకలయందున్నదని తెలిసి సిగ్గుపడితిమి. తరువాత అరిగిన సూదిని, క్రొత్త సూదిని పనికిమాలిన రికార్డుపై మార్చి వినిపింపగా నలుగురును ఒక్కుమ్మడిగా గుర్తించిరి.

"చేతిఫోనులో పాటలన్నియు ఉచితముగా వినబడుచుండగా ఈ శ్రమయంతయు ఏల?" అని కొందరడుగుదురు. ఈ ప్రశ్న సమంజసమైనదే. రికార్డు ధ్వని ఫోను ధ్వనికంటె శ్రేష్ఠమని వాదించువారితో మేము చేరము. వేగపు నిలుకడయందును, చప్పుడు లేకుండుటయందును అంకెల రూపమున దాచిన ధ్వనియే మిన్నయని కొలతలు చెప్పుచున్నవి. కాని పాత రికార్డులనుండి ఫోనులోనికి ఎక్కిన పాట యేదియైనను పూర్వము ఎవరో యొకరు సరియైన సూదితో, సరియైన వేగముతో ఆడించి ఎక్కించినదే గదా! ఇంకను ఎక్కని రికార్డులు మన పల్లెల పెట్టెలలో నెన్ని యున్నవో! 1908లో కలకత్తా యందు గ్రామఫోను కంపెనీవారు రికార్డుల కర్మాగారమును పెట్టినది మొదలు, లక్కతో చేసిన 78 వేగపు రికార్డులు మన తెనుగు పల్లెలదాక వచ్చెను. కపిలవాయి రామనాథశాస్త్రిగారి వంటి రంగస్థల గాయకుల పద్యములు, నాటకశాల మొగమెరుగని వారికి గూడ, వీనివలననే కర్ణగోచరములయ్యెను. 1913 మొదలు 1929 వరకు మన దేశభాషలను పలికించి గ్రామఫోను రికార్డులు చేయించిరి. తప్పిపోయిన కుమారుని ఉపమానమును నానా భాషలలో చదివించిన యా రికార్డులలో తెనుగు పలుకును కలదు. నూరేండ్లనాటి మన పెద్దలు మాటలాడిన తీరు నేడు మనకు వినబడుచున్నదన్నచో, ఆ రికార్డులను దాచినవారును, జాగ్రత్తగా ఆడించి అంకెలలోనికి మార్చినవారును చేసిన పుణ్యమే.

ఇట్టి పనికి యంత్రమును మార్చుకొనవలసిన యవసరము నిజముగా కలుగును. ఎస్‌ఎల్-1200 రెండవ రూపమునందు 78 వేగము లేదు. దానిని కూర్చుకొన్న వ్యాసంగపరు లున్నారు. 78 రికార్డు గాడి వెడల్పు గనుక, ఎల్.పీ. సూదికంటె సుమారు మూడు రెట్లు లావైన మొన కావలయును. పేరునకు 78 వేగపువైనను, తొలినాటి రికార్డులు కొన్ని 76 వేగమునను, కొన్ని 80 వేగమునను తయారైనవి. అట్టివానిని జరుపుడు మీటతో హార్మోనియము శ్రుతికి సరిచూచుకొని ఆడించినచో గాయకుని నిజమైన కంఠము వినబడును. ఈ మార్పులు రికార్డు కోరినవి. మా బెండు చాపయు వెలగల తీగలును మా వేడుక కోరినవి.

ఇక "ఈ వ్యాసంగమువలన పిల్లవానికి చదువు చెడును" అను తలిదండ్రులకు ఒక యుదాహరణము చెప్పుచున్నాము. న్యూయార్కు నగరమున బ్రాంక్సు పేటలో పెరిగిన జోసెఫ్ శాడ్లరు అను బాలుడు వృత్తివిద్యల ఉన్నత పాఠశాలలో విద్యుద్యంత్రముల పని నేర్చెను. 1970వ దశకమున నతడు రెండు రికార్డు యంత్రముల నడుమ, రాబోవు పాటను తాను ముందుగా చెవిలో విని సిద్ధపరచుకొనుటకు మీట యొకటి స్వయముగా అమర్చుకొనెను. పళ్లెము తిరుగుచుండగనే రికార్డును చేతితో ఆపుటకు వీలుగా, నూలుబట్టవలె జారునట్టి ఉన్నిబట్టను గుండ్రముగా కత్తిరించి, గంజిపెట్టి ఇస్త్రీ చేసి పరచెను. నేడు లోకమంతయు నెరిగిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అతడే. అతని సంగీతము అందరకును నచ్చవలెనని మేమనము. బడిలో నేర్చిన విద్య చేతిలోనికి దిగినప్పుడు, గంజియు ఇస్త్రీపెట్టెయు సైతము సాధనములగునని మాత్రమే మా తాత్పర్యము.

చివరగా, రికార్డులున్న యిండ్లవారికి మా మనవి. వానిని పరుండబెట్టక నిలువుగా నుంచుడు. ఎండ తగులనీయకుడు, వర్షాకాలమున బూజు పట్టకుండ గాలి తగులనిండు. లక్క రికార్డులను స్పిరిటుతో తుడువకుడు; లక్క అందు కరగిపోవును. అరిగిన సూదితో ఒక్కసారియైనను వేయకుడు. పాతసామానుల వానికి తూకమున కమ్ముటకు ముందు, ఆ పెట్టెలో ఎవరి కంఠమున్నదో ఒకసారి చూడుడు.

విద్యార్థులారా! మీ యింట పాత రికార్డు యంత్ర మున్నచో పెద్దల యనుమతితో దానిని మా యొద్దకు తీసికొనిరండు. భూతద్దము, త్రాసు, 180 గీతల కాగితము సిద్ధముగా నున్నవి. మరచిపోక సూదిని కూడ తెండు. ముందుగా దానినే చూతము.